ఎడమ చేతికి కట్టిన తువాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానలు ఇంకా మొదలు కాకముందు, నన్ను న్యూరో వార్డు నుంచి తీసి హోం కేర్‌కు వేశారు. ఉప్పల్‌లో నేను పనిచేసిన ఆ ప్రైవేటు ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. అప్పటికి నేను వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ని. డాక్టరు రాసిన ఆర్డరు మంచం దగ్గర సరిగ్గా అమలయ్యేదాకా బాధ్యత ఇన్‌చార్జిదే. ఆమె కింద స్టాఫ్ నర్సులు, వాళ్ల కింద ఆయాలు, పైన నర్సింగ్ సూపరింటెండెంట్. హోం కేర్ అంటే డిశ్చార్జి అయిన రోగుల ఇళ్లకు వెళ్లి చూసి రావడం. రిటైర్మెంటు దగ్గర పడింది, రాత్రి డ్యూటీలు తప్పుతాయి కదా అని సూపరింటెండెంట్ తీయగా చెప్పింది. అసలు సంగతి నా నోరు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ముందే "ఈయన్ని పొద్దుటి నుంచి ఎవరూ పక్కకు తిప్పలేదు" అని గట్టిగా అనేసే అలవాటు నాది. ఆ నోరు వార్డులో ఉండేకంటే ఊళ్లో తిరుగుతుంటేనే ఆసుపత్రికి సుఖమని అనుకున్నారు.

పక్షవాతం కేసుల్లో మందుల హడావుడి మొదటి గంటల్లోనే. ఆ తర్వాత వారాలూ నెలలూ నడిచేదంతా చేతి పని. పక్కకు తిప్పాలి, వెన్ను నిలిపి కూర్చోబెట్టాలి, మింగుడు సరిగ్గా ఉందో లేదో చూడాలి, జారిపోతున్న భుజం కింద దిండు పెట్టాలి, మంచం దింపి బాత్రూముకు నడిపించాలి. మేం చదువుకున్న పుస్తకాల్లో ఇదంతా నర్సింగ్ పనే. మన దగ్గర మాత్రం "అటెండెంట్ ఎక్కడమ్మా?" అని కేకేసి ఇంటివాళ్ల నెత్తిన పెడతారు. పెడితే పెట్టారు, నేర్పనైనా నేర్పరు. డిశ్చార్జి రోజు ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టి, "ఫిజియో చేయించండి, మంచిగా తినిపించండి" అని రెండు ముక్కలు చెప్పి లిఫ్టు ఎక్కిస్తారు. లిఫ్టు తలుపు మూసుకున్నాక ఆ మనిషి గతి ఏమిటన్నది ఎవరికీ పట్టదు. ఇన్నేళ్లయినా ఈ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

బాలమణిని నేను వార్డులోనే ఎరుగుదును. నాచారం పాత ఊరివాళ్లు. ఒకప్పుడు అక్కడే పొలాలు చేసుకున్నవాళ్లు. ఇప్పుడు ఆమె భర్త యాదగిరి పీర్జాదిగూడ వైపు లేచే అపార్టుమెంట్లకు ఇసుక, ఇటుక తోలిస్తాడు. ఇంట్లో కొడుకు, కోడలు సంధ్య, యాదగిరి అక్క సత్తెమ్మ. సత్తెమ్మ చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. తల్లి లేని తమ్ముణ్ని ఆమే పెంచింది. అందుకని ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. బాలమణిది వంటిల్లు. లారీ డ్రైవర్లు వచ్చినా, దారిన పోయే చుట్టాలు వచ్చినా ముందు పళ్లెం, తర్వాతే మాట. ఆ సంగతి వార్డుకు చూడవచ్చిన ప్రతి మనిషీ నాతో చెప్పాడు.

పక్షవాతం వచ్చి ఆమె మెదడులో ఎడమ వైపు దెబ్బతింది. కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మనం అన్నది అర్థమవుతుంది, తాను అనుకున్నది నోటికి రాదు. ఇలాంటి రోగిని చాలామంది మతి పోయిందనుకుంటారు. అది పెద్ద పొరపాటు. బాలమణి కళ్లు చూస్తే తెలిసేది, ఆ మంచం చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో ఆమెకు పూర్తిగా తెలుస్తోందని.

మొదటి రోజుల్లో మింగుడు లేక ముక్కులో నుంచి కడుపులోకి గొట్టం వేశాం. మేం రైల్స్ ట్యూబ్ అంటాం. పాలు, జావ దానిలోంచే పోస్తారు. తర్వాత నేనే మింగుడు పరీక్ష చేశాను. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచాడు నీళ్లిస్తాం. దగ్గు వస్తుందా, గొంతు గరగరమంటుందా అని చూస్తాం. ఇవి ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల దారి పడుతున్నాయని లెక్క. బాలమణి శుభ్రంగా మింగింది. ఆ గొట్టం నా చేత్తోనే తీశాను. తీయగానే ముఖం తుడుచుకోవాలని ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. గట్టి చెయ్యి అది. ఈమె లేస్తుందని ఆ రోజే అనుకున్నాను. ఆమెను ఇంటికి పంపింది మాత్రం నేను సెలవులో ఉన్న ఆదివారం.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున హోం కేర్ డెస్కు నుంచి నాకు ఆర్డరు వచ్చింది. రోగి పేరు బాలమణి, ఊరు నాచారం, పని రైల్స్ ట్యూబ్ వేయడం. ఆమె మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదని, నోరు బిగబట్టేస్తోందని ఇంటివాళ్లు ఫోన్ చేశారట. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఎమర్జెన్సీలో ఊపిరాడని పనిలో ఉన్నాడు. తినకపోతే గొట్టం వేయాలన్నది పుస్తకం ప్రకారం తప్పు కాదు కాబట్టి రాసేశాడు. మింగగలిగిన మనిషి మూడు రోజులు ఎందుకు మింగలేదని ఫోన్‌లో అడిగినవాడు మాత్రం లేడు. నేను తీసిన గొట్టాన్ని మళ్లీ నన్నే వేయమంటున్నారు. స్టోర్‌లో నా పేరు మీద గొట్టం తీసుకుని, గొణుక్కుంటూ స్కూటీ ఎక్కాను.

ఆ ఇంటి గేటు ముందు చెప్పులు చూసి ఆమె పోయిందేమో అనుకున్నాను. చావింటి ముందే అన్ని చెప్పులుంటాయి. లోపల హాలు నిండా ఆడవాళ్లు కింద కూర్చుని ఉన్నారు. అన్నం మానేసిందంటే ఇక ఆఖరి రోజులేనని సత్తెమ్మ అన్నదట, చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయట. కీసర నుంచి వచ్చిన ఒకామె గుట్ట మీది తీర్థం సీసాలో తెచ్చి, బాలమణి వెల్లకిలా పడుకుని ఉండగానే చెంచాతో నోట్లో పోస్తోంది. బాలమణి దగ్గుతోంది. "నోట్లె పడ్డది, పుణ్యం," అంటోంది ఆమె. పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోస్తే పుణ్యం రాదు, న్యుమోనియా వస్తుంది. ఆ చెంచా లాక్కుని, సంధ్యను తప్ప అందర్నీ బయటికి పంపాను. ఎలా పంపానో రాయను. నాచారంలో నన్ను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆ మాటలకే గుర్తుపెట్టుకుని ఉంటారు.

మంచం తల వైపు ఎత్తి, దిండ్లు పెట్టి ఆమెను కూర్చోబెట్టాను. నన్ను గుర్తుపట్టింది. కళ్లలో నీళ్లు నిండాయి. నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. జ్వరం లేదు, ఊపిరి శబ్దం బాగానే ఉంది. షుగరు తక్కువకు దిగింది. ఇక బీపీ చూడాలి. పడిపోయిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదన్నది మా పనిలో నియమం, బాగున్న చేతికే కట్టాలి. ఎడమ చెయ్యి ఇవ్వమన్నాను. ఆమె కదల్లేదు. కొంగు కప్పి ఉంది కదా, అడ్డం వస్తోందేమో అనుకుని నేనే కొంగు తొలగించాను.

ఎడమ చెయ్యి కట్టేసి ఉంది.

పాత మెత్తటి తువాలు. లోపల దూది పెట్టి, పిడికిలి మూసి, ముంజేతి దాకా చుట్టి, నడుముకు పట్టీలాగా తిప్పి వెనకాల ముడి వేశారు. ఎవరో ఎంతో ప్రేమగా కట్టిన కట్టు అది. చర్మం ఒరిసిపోకుండా పౌడరు కూడా చల్లారు. కుడి చెయ్యి దానంతట అదే చచ్చుపడి ఉంది, ఎడమ చెయ్యి వీళ్లు కట్టేశారు. నోట మాట లేదు. ముఖం మీద ఈగ వాలితే తోలుకునే దారి లేదు ఆ మనిషికి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

ఇది ఎవరు చేశారని అడిగాను. సంధ్య తల దించుకుని, ఇది ట్రీట్‌మెంటు అన్నది. నా కేకలు విని యాదగిరి లోపలికి వచ్చాడు. వెనకాలే సత్తెమ్మ. యాదగిరి ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. ఎవరో డాక్టరు ఇంగ్లీషులో చెబుతున్నాడు, కింద తెలుగు అక్షరాలు పోతున్నాయి. పక్షవాతం రోగికి మంచి చెయ్యి కట్టేస్తే చెడ్డ చెయ్యి పనికి వస్తుందని దాని సారాంశం. మా ఆసుపత్రి నుంచి కొన్నాళ్లు వచ్చిన ఫిజియో అబ్బాయిని అడిగితే, అవును, అలాంటి పద్ధతి ఉందన్నాడట. వేళ్లు కదలడం మొదలయ్యాక రోజూ కొంతసేపు చేయిద్దాం అన్నాడట. ఆ అబ్బాయి రావడం ఆగిపోయింది. వీళ్లు మర్నాటి నుంచే పొద్దంతా కట్టేశారు.

పద్ధతి అబద్ధం కాదు. మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలించగలిగిన రోగికి బాగున్న చేతికి తొడుగు వేసి, పక్కన మనిషి కూర్చుని, బలహీనపడిన చేత్తో పనులు చేయిస్తారు. గ్లాసు పట్టుకోవడం, గుండీ పెట్టుకోవడం లాంటివి. బాలమణి కుడి చేతిలో అప్పటికి ఒక్క వేలు కూడా కదలడం లేదు. ఆ చేతికి పని నేర్పాలని ఈ చేతిని కట్టేయడమంటే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఫిజియో అబ్బాయి చెప్పింది నిజమే, సగమే చెప్పాడు. మిగతా సగం చెప్పేదాకా అతన్ని ఆ ఇంటికి పంపాల్సింది మా ఆసుపత్రి. పంపలేదు.

అయినా వీడియో ఒక్కటే అయితే వీళ్లు ఇంత గట్టిగా నమ్మేవాళ్లు కారు. సత్తెమ్మ మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే బాలమణి ఎడమ చెయ్యి పళ్లెంలో పెట్టిందట. ఆకలైంది, చెయ్యి ఉంది, పెట్టింది. సత్తెమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చి పళ్లెం తీసేసిందట. కడుక్కునే చెయ్యి అన్నంలో పెట్టడమేమిటని. ఆ తర్వాత రోజుల్లోనే వీడియో వచ్చింది. సత్తెమ్మకు అది రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అయింది.

నేను ముడి విప్పబోతుంటే సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముడి ఇప్పకు సిస్టరమ్మా. ఎడమ చేతికి మప్పినమంటే కుడి చెయ్యి ఇగ పండుకుంటది, ఎప్పటికి లేవదు. మా ఆయన గిట్లనే పడ్డడు. ఎవ్వలు ఏం జెయ్యలే. మంచంల్నే పోయిండు. దీన్ని గట్ల కానియ్య నేను."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అది కూడా నాకు కోపమే తెప్పించింది. ద్వేషంతో కట్టి ఉంటే తిట్టి విప్పేయవచ్చు. మరదలి మీద ప్రాణం పెట్టుకుని, ఆమె కుడి చెయ్యి రావాలని మొక్కుకుని, ఉన్న ఒక్క చేతినీ కట్టిపడేసిన మనిషిని ఏమనాలి? అయినా అన్నాను. ఈమెను పక్షవాతం సగమే కట్టేసింది, మిగతా సగం మీరు కట్టేశారని అన్నాను. రెండు చేతులూ లేని మనిషి నోట్లో ఎవరో ముద్దలు కుక్కుతుంటే, అలిగి నోరు మూసుకోవడం తప్ప ఆమెకు ఇంకేం మిగిల్చారని అడిగాను. ఆమెకు తిననని చెప్పే మాట లేదు, పళ్లెం తోసేసే చెయ్యి లేదు. పళ్లు బిగించింది. ఇందులో చావు లక్షణం ఏముంది? పౌరుషం ఉన్న ఎవరైనా ఆ పనే చేస్తారు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన సంధ్య నోరు విప్పింది. "నిన్న నా వేలు కొరికింది సిస్టర్. నాకు కోపమొచ్చి పళ్లెం ఇసిరిన. గామెకు చెయ్యి లేకనే కొరికిందని నాకు సమజ్ కాలే."

ముడి విప్పాను. లోపల వేళ్లు చెమటకు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. గొట్టం వేస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. మతి సరిగ్గా ఉన్న రోగి ముక్కులో గొట్టం ఉంచుకోదు, ఉన్న చేత్తో పీకేస్తుంది. పీకకుండా మేం చెయ్యి కట్టమంటాం. అంటే ఇంటివాళ్లు తువాలుతో చేసిన పనిని మేం ఆసుపత్రి పట్టీతో చేస్తామన్నమాట. ఆయన షుగరు ఎంత ఉందో అడిగాడు. మింగుడు మళ్లీ పరీక్షించి, సాయంత్రంలోగా ఆమె తింటే సరే, తినకపోతే గొట్టమో అడ్మిషనో తప్పదన్నాడు. షుగరు పడిపోతోంది కాబట్టి ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. చెంచాడు నీళ్లతో పరీక్ష చేశాను. దగ్గు లేదు, గొంతులో గరగర లేదు. మింగగలదు. ఇక తినాలి, అంతే.

అంతే అనుకున్నాను. చేతికి గోళ్లు తీశాను. వేడినీళ్లు, సబ్బు తెప్పించి అందరూ చూస్తుండగా మోచేతి దాకా కడిగాను. మెత్తగా కలిపిన పప్పన్నం ముందు పెట్టి, ఎడమ చేతికి చెంచా ఇచ్చాను. బాలమణి ఆ చెంచాను పళ్లెంలో పెట్టేసి, చేతిని కొంగు కిందికి దాచుకుంది. ముఖం పక్కకు తిప్పుకుంది. మొదటి రోజు ఆకలికి మరచిపోయి పెట్టిన చెయ్యి అది, దెబ్బ తిన్నాక గుర్తొచ్చింది. ఇంతసేపూ తువాలు కట్టినవాళ్ల మీద నా కోపం. ఇప్పుడు చూస్తే ఆమె సిగ్గే ఆమెకు ఇంకో తువాలు.

"సూసినవా? దానికే లేదు మనసు," అంది సత్తెమ్మ.

సబ్బుతో కడిగిన చెయ్యి కదా అన్నాను. కడిగితే పోయేదా అది అన్నదామె. డాక్టర్లు రెండు చేతులతోనూ ఆపరేషన్లు చేస్తారు, కాన్పుల వార్డులో ఉన్నప్పుడు నేను రెండు చేతులతోనూ పిల్లల్ని కడుపులో నుంచి తీశానని చెప్పాను. అది దవాఖానా, ఇది ఇల్లు, అన్నం దేవుడన్నదామె. వాదనలో ఆమెది పైచెయ్యి అయింది. నా పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ముళ్ల చెంచా ఏ చేత్తోనైనా పట్టుకునేవాళ్లు. స్ట్రోక్ రోగికి మిగిలిన చేత్తో తినడం నేర్పండని మాకు చెప్పారు కానీ, ఆ చేత్తో తినడానికి చచ్చినా ఒప్పుకోని ఇంట్లో, ఒప్పుకోని మనిషికి ఎలా నేర్పాలో చెప్పలేదు.

అప్పుడు నాకు లాలాపేట్‌లో మా అమ్మ వడ్డించే తీరు గుర్తొచ్చింది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మధ్యాహ్నం అందరం కలిసే తినేవాళ్లం. అమ్మ కూడా మాతోనే కూర్చుని, తాను తింటూనే అందరికీ వడ్డించేది. సత్తెమ్మ వైపు తిరిగి ఒక మాట అడిగాను.

"సత్తెమ్మక్కా, నువ్వు తినేటప్పుడు మల్ల పప్పు గావాలంటే ఏ చేత్తోని ఏసుకుంటవు?"

జవాబు ఆమె చెప్పనక్కర్లేదు. కుడి చెయ్యి ఎంగిలి అయి ఉంటుంది, ఎడమ చేత్తోనే గంటె పట్టుకుంటాం. ఈ దేశంలో ప్రతి వంటింట్లో రోజూ జరిగేది అదే. పప్పు గిన్నెలో ఎడమ చేతి గంటె ముంచితే అప్పుడు దేవుడికి కోపం రాలేదు. ఆ చెయ్యి అన్నం పెట్టే చెయ్యి కూడా.

హోం కేర్‌లో ఒక కట్టడి ఉంది. రోగి ఇంట్లో నర్సు నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. మంచి నియమమే. ఇరవై ఇళ్లు తిరిగే మనిషికి అవసరమే. దాన్ని ఆ రోజు తెలిసే మీరాను. సంధ్యతో అన్నం గిన్నె, పప్పు గిన్నె, గంటె తెప్పించి మంచం పక్క బల్ల మీద పెట్టించాను. పప్పు గిన్నె జరగకుండా కింద తడిబట్ట వేశాను. ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని బాలమణి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"బాలమణక్కా, పొద్దుగాల సంది తిరుగుతున్న. మస్తు ఆకలైతుంది. జర అన్నం పెట్టు."

ఆమె నా పళ్లెం వైపు చూసింది. తర్వాత సంధ్య వైపు చూసింది, వడ్డించమన్నట్టు. సంధ్య తెలివైన పిల్ల, చేతులు వెనక్కి పెట్టుకుని కదలకుండా నిలబడింది. ఇంటికొచ్చిన మనిషి ఖాళీ పళ్లెంతో ఎదురుగా కూర్చుని ఉంది. వడ్డించేవాళ్లు లేరు. ఆ ఇంట్లో అలా ఎన్నడూ జరిగి ఉండదు. కొంగు కదిలింది. ఎడమ చెయ్యి బయటికి వచ్చి గంటె అందుకుంది.

ఇన్నాళ్లు కట్టేసి ఉన్న చెయ్యి కాబట్టి పట్టు కుదరలేదు. అన్నం సగం బల్ల మీద పడింది. రెండోసారి సరిగ్గా పెట్టింది. పప్పు పోసింది. నేను కలుపుకుని తిన్నాను. బాగుంది, చింతకాయ వేసిన పప్పు. చాలని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతిని గంటెతో పక్కకు నెట్టి ఇంకో గంటె వేసింది. మాట లేకపోయినా మర్యాద ఎక్కడికీ పోలేదు. ఇంకో పళ్లెం ఆమె ముందు పెట్టాను. దానిలోనూ తనే పెట్టుకుంది. నేను కలిపి, చెంచా గంటె పక్కన పెట్టాను. ఎప్పుడు గంటె వదిలి చెంచా పట్టుకుందో నేను సరిగ్గా చూడలేదు. మొదటి ముద్ద పడ్డప్పుడు గడ్డం కిందికి వంచమని, ఎడమ బుగ్గ వైపు నమలమని చెప్పడంలో ఉన్నాను. మింగింది. మళ్లీ తీసుకుంది. సత్తెమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది, గది వదిలి మాత్రం వెళ్లలేదు. యాదగిరి బయటికి వెళ్లి కీసర చుట్టాలకు కాళ్లు నొప్పి పుట్టేలా కూర్చోవద్దని, ఇంక ఇళ్లకు వెళ్లమని చెప్పడం నాకు వినిపించింది.

తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దని చెప్పి, షుగరు మళ్లీ చూసి, డాక్టరుకు ఫోన్‌లో చెప్పాను. సరే సిస్టర్, గొట్టం వద్దు అన్నాడు. ఆయనకు అంతటితో ఆ కేసు మూసుకుంది. నాకు మూసుకోలేదు.

వాడని గొట్టాన్ని మర్నాడు స్టోర్‌లో వాపసు చేయబోయాను. కొత్తగా కంప్యూటర్ పెట్టారు. సామాను వెనక్కి ఇవ్వాలంటే కారణం ఎంచుకోవాలి. తెర మీద కొన్ని కారణాలు వస్తాయి. సరుకు పాడైంది. గడువు తీరింది. రోగి నిరాకరించారు. రోగి మరణించారు. వాటిలో ఒకటి నొక్కాలి. నేను స్టోర్ అతనితో రోగి అన్నం తిన్నదని చెప్పాను. అది లేదు సిస్టర్ అన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ కారణాలు రాసినవాళ్లకు గొట్టం అవసరం లేకుండా పోవడానికి రోగి ఎదురు తిరగడమో చావడమో తప్ప మూడో దారి తోచలేదు. రోగి బాగుపడితే ఏ మీట నొక్కాలో తెలియని ఆసుపత్రిలో నేను అన్నేళ్లు పనిచేశాను. అతను చివరికి "నిరాకరించారు" అని నొక్కాడు. ఆ ఒక్క మాట మీద సూపరింటెండెంట్, ఏమీ దాచకుండా నేను రాసిన రిపోర్టు తెప్పించి చదివి, నన్ను పిలిచి, ఆర్డరు ఎందుకు అమలు కాలేదు, రోగి ఇంట్లో భోజనం ఎందుకు చేశావని సంజాయిషీ అడిగింది. భోజనం కాదు మేడం, ప్రొసీజర్ అన్నాను. ఆమె నవ్వలేదు. ఫిజియోను మళ్లీ ఆ ఇంటికి పంపితే మాత్రం ఇంకెక్కడా తిననని మాటిచ్చాను. పంపారు.

ఆ వాన కాలమంతా నేను ఆ ఇంటికి వెళ్తూ వచ్చాను. కాలు కోలుకుంది, చేతికర్రతో వాకిలి దాకా నడిచింది. మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. మొదట వచ్చినవి కోడలి పేరు, ఉప్పు. కుడి చేతి వేళ్లు ముడుచుకోవడం, కొంచెం తెరుచుకోవడం వచ్చింది. అప్పుడు ఫిజియో అబ్బాయి దగ్గర కూర్చుని ఎడమ చేతికి తొడుగు వేసి, కుడి చేత్తో గిన్నెలు జరిపించాడు. పద్ధతి ప్రకారం, కొంతసేపే. ఆ చెయ్యి పూర్తిగా రాలేదు. వస్తుందని నేను ఎవరికీ చెప్పలేదు.

సత్తెమ్మ బాలమణి చేతి అన్నం మాత్రం తినలేదు. నేను వెళ్లిన ప్రతిసారీ తన పళ్లెంలో తనే పెట్టుకునేది. నేను కూడా ఆమెతో వాదించడం మానేశాను. ఆఖరిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. సత్తెమ్మే గిన్నెలు తెచ్చి బాలమణి ముందు పెట్టింది. పప్పు గిన్నెలో గంటె మామూలుగా కాడ కుడి వైపు పెట్టి ఉంది. ఆమె ఒక అడుగు వేసి, వెనక్కి వచ్చి, ఆ కాడను ఎడమ వైపుకు తిప్పి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

రిటైరయ్యేదాకా మిగిలిన కాలంలో కొత్త నర్సులకు ఒక్కటే నేర్పాను. పక్షవాతం రోగి వార్డులోకి రాగానే ఏ వైపు పడిపోయిందని అందరూ అడుగుతారు, అది కేస్ షీటులో ఉంటుంది. డిశ్చార్జి రోజు ఇంకో ప్రశ్న అడగాలి. ఏ చెయ్యి మిగిలింది, ఆ చేత్తో తింటే మీ ఇంట్లో పళ్లెం ఎవరు లాక్కుంటారు? ఈ ప్రశ్న రోగి ముందే, ఇంటి పెద్దలందరూ ఉన్నప్పుడే, వాళ్ల భాషలోనే అడగాలి. జవాబు వచ్చేదాకా లిఫ్టు ఎక్కించకూడదు.